మా ఇంటికి తెలుగు నేర్పిన గొంతు

మా అమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కోయంబత్తూరు పీలమేడులో పుట్టి పెరిగిన మాలాంటి కుటుంబాల్లో ఇదేమీ వింత కాదని మన పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. మా తాతకు అక్షరాలు వచ్చేవట. నాయన మిల్లు ఉద్యోగంలో చేరేనాటికి ఆ అక్షరాలు ఇంట్లోంచి వెళ్లిపోయాయి. మాట మాత్రం మిగిలింది.

1977లో నాకు ఎనిమిదేళ్లు. ఆ సంవత్సరం 'కవిక్కుయిల్' అనే తమిళ చిత్రం వచ్చింది. ఇళయరాజా సంగీతం. అందులో రీతిగౌళ రాగంలో ఒక పాట రోజూ రేడియోలో వచ్చేది. వంటింట్లో ఉన్న అమ్మ ఆ గొంతు వినగానే చేతిలో గరిటె పక్కన పెట్టి వచ్చి నిలబడేది. ఒకరోజు అదే గొంతు తెలుగులో ఒక కీర్తన పాడింది. అమ్మ ఆశ్చర్యపోయి నాయనను అడిగింది.

"ఏమండీ, ఈయన మనవాడా? తెలుగు ఇంత బాగా పలుకుతాండాడే!"

"మనవాడే. బాలమురళీకృష్ణ. గోదావరి పక్క ఊరు."

"ఈ పాట ఎవురు రాసింది? త్యాగయ్యదా?"

"కాదంట. ఈయనే రాసి, ఈయనే బాణీ కట్టి, ఈయనే పాడినాడంట. రేడియోలో చెప్పినారు."

అమ్మకు నమ్మకం కుదరలేదు. కచేరీలో పాడే తెలుగు పాట అంటే ఎప్పుడో చనిపోయిన మహానుభావులు రాసినది అని మా అందరి అభిప్రాయం. మేము ఇంట్లో మాట్లాడే భాషలో ఇప్పుడు బతికి ఉన్న మనిషి, అదీ మద్రాసులో కాపురం ఉంటున్న మనిషి, కొత్తగా పాట రాస్తున్నాడంటే ఆమెకు అది ఒక వార్త. నాకూ అదే మొదటి వార్త.

నేను సంగీత విద్వాంసుడిని కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాడిని. డెబిట్, క్రెడిట్ తప్ప వేరే తాళం నాకు తెలియదు. అయినా డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గురించి మన పత్రికకు రాయాలని చాలా కాలంగా ఉంది. ఆయన గొప్పతనం చెప్పటానికి విద్వాంసులు ఉన్నారు. తమిళదేశంలో తెలుగును చెవితో మాత్రమే కాపాడుకున్న మాలాంటివారికి ఆయన ఏమిచ్చారో చెప్పటానికి మాలో ఒకరు ఉండాలి కదా!

గోదావరి తీరం నుంచి

బాలమురళి గారు 1930 జూలై 6న శంకరగుప్తంలో పుట్టారు. అప్పట్లో అది తూర్పు గోదావరి జిల్లా, నేడు కోనసీమ జిల్లా. తండ్రి పట్టాభిరామయ్య గారు వేణువు వాయించేవారు, సంగీతం నేర్పేవారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే ఆమె కన్నుమూశారు. తల్లి లేని పిల్లవాడిని తండ్రి విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర శిష్యరికానికి చేర్చారు.

ఇక్కడ కాస్త ఆగి గురుపరంపర చెప్పాలి. త్యాగరాజస్వామి శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారు. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. శాస్త్రి గారు ఆంధ్రదేశం నుంచి తంజావూరు సీమకు వెళ్లి, అక్కడ విద్య నేర్చుకుని, తిరిగి వచ్చి శిష్యులను తయారుచేశారు. వారిలో ఒకరు పారుపల్లి వారు. పారుపల్లి వారి శిష్యుడు బాలమురళి. అంటే త్యాగయ్య గారి నుంచి లెక్కిస్తే అయిదవ తరం.

కావేరి ఒడ్డున తెలుగులో పుట్టిన పాట కృష్ణ ఒడ్డుకు వెళ్లింది. ఆ పాటను నేర్చుకున్న బాలమురళి గారు తరువాత మద్రాసులో స్థిరపడ్డారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, తమిళదేశం అప్పు ఇచ్చిన అసలు రెండు మూడు తరాల తరువాత వడ్డీతో సహా తిరిగి వచ్చింది.

ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలో గురువుగారు జరిపే సద్గురు ఆరాధన ఉత్సవాల్లో ఆయన మొదటి కచేరీ చేశారు. అప్పటికి ఆయన పేరు మురళీకృష్ణ మాత్రమే. ఆ పసివాడి పాట విని హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు పేరు ముందు 'బాల' అని చేర్చారు. ఎనభై ఆరేళ్లు వచ్చినా ఆ 'బాల' పోలేదు.

పాటతో సరిపెట్టుకోలేదు ఆయన. వయొలిన్ వాయించారు, మృదంగం వాయించారు, కంజిరా వాయించారు. వయొలాను కచేరీ వేదిక మీదకు తెచ్చారు. ఒకే మనిషి గాయకుడి స్థానంలోనూ, పక్కవాద్యం స్థానంలోనూ కూర్చోగలగడం అరుదు. మా బ్రాంచిలో అయితే అలాంటివారిని ఏ కౌంటరులో కూర్చోబెట్టినా పని జరుగుతుంది అంటాము.

డెబ్భై రెండు లెక్క

కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాలు 72. చిన్నప్పుడు ఈ అంకె ఎలా వచ్చిందో ఎవరూ చెప్పలేదు. తరువాత తెలుసుకుంటే ఇది చక్కని గుణకారం అని అర్థమైంది. స, ప స్వరాలు కదలవు. రి, గ స్వరాలు కలిసే పద్ధతులు ఆరు. ద, ని స్వరాలు కలిసే పద్ధతులు ఆరు. ఆరు ఆర్ల ముప్పై ఆరు. మధ్యమం రెండు రకాలు, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం. ముప్పై ఆరు రెండ్లు డెబ్భై రెండు. మొదటిది కనకాంగి, చివరిది రసికప్రియ.

వీటిలో చాలా రాగాలు పాడటానికి ఇబ్బందిగా ఉంటాయి. స్వరాలు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. అందుకే విద్వాంసులు తమకు వీలైన రాగాలు ఎంచుకుని పాడతారు. డెబ్భై రెండింటిలోనూ రచనలు చేసినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తమిళంలో కోటీశ్వర అయ్యర్ గారు చేశారు. బాలమురళి గారు ఆ పని కుర్రతనంలోనే పూర్తిచేశారు. ఆ కృతుల సంపుటి 'జనకరాగ కృతి మంజరి' పేరుతో 1952లో అచ్చయింది. అప్పటికి ఆయనకు 22 ఏళ్లు. ఆ వయసులో నేను బ్యాంకు పరీక్షకు దరఖాస్తు నింపుతున్నాను.

పాటకు మాట కట్టి, మాటకు స్వరం కట్టేవారిని మన పెద్దలు వాగ్గేయకారులు అన్నారు. వాక్కూ గేయమూ రెండూ ఒకరివే. ఒకరు రాస్తే ఇంకొకరు బాణీ కట్టి మరొకరు పాడే రోజుల్లో ఆయన మూడు పనులూ ఒక్కరే చేశారు. కృతులు, వర్ణాలు, తిల్లానాలు రాశారు. తెలుగులో రాశారు, సంస్కృతంలో రాశారు, తమిళంలోనూ రాశారు. చివర 'మురళి' అనే మాట ఎక్కడో ఒక చోట ముద్రగా కనిపిస్తుంది.

ఆయన తిల్లానాలు మన ఇళ్లకు మరో దారిలో వచ్చాయి. భరతనాట్యం నేర్చుకునే ఆడపిల్లలు లేని వీధి మన కోయంబత్తూరులో లేదు. అరంగేట్రం చివర తిల్లానా తప్పదు. మా అన్నయ్య కూతురు అరంగేట్రంలో ఆడినది కదనకుతూహల రాగంలో బాలమురళి గారి తిల్లానా. హాలంతా తాళం వేసింది. రాసినది ఎవరు అని మా బంధువుల్లో నలుగురిని అడిగితే ముగ్గురు, "ఎవరో పాతకాలం ఆయన" అన్నారు. అప్పటికి ఆ 'పాతకాలం ఆయన' చెన్నైలో కచేరీలు చేస్తూనే ఉన్నారు!

రేడియో రోజులు

ఆయన జీవితంలో ఉద్యోగ పర్వం కూడా ఉంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. అక్కడ ఆయన సంగీత ప్రయోక్తగా పనిచేశారు. ఉదయం వచ్చే 'భక్తిరంజని' కార్యక్రమం ఆంధ్రదేశంలో ఇంటింటా గడియారం అయింది. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఆయన మొదటి ప్రిన్సిపాల్ కూడా.

రేడియో వల్ల జరిగిన పెద్ద మేలు ఏమిటంటే, భద్రాచల రామదాసు కీర్తనలు, అన్నమయ్య సంకీర్తనలు, తత్త్వాలు, తరంగాలు ఆయన గొంతులో మళ్లీ జనం నోటికి వచ్చాయి. ముఖ్యంగా రామదాసు కీర్తనలు. అవి కచేరీ పాండిత్యం అక్కరలేని పాటలు. అమ్మమ్మలు, అవ్వలు పాడుకునే పాటలు. వాటిని ఒక మహావిద్వాంసుడు సంగతుల బరువు వేయకుండా, మాట మాటా విడిగా వినిపించేలా పాడారు. తరువాత అవి రికార్డులుగా, క్యాసెట్లుగా దక్షిణాదంతా తిరిగాయి. మా పీలమేడుకూ వచ్చాయి. మా అమ్మ దగ్గర రామదాసు కీర్తనల క్యాసెట్టు ఒకటి ఉండేది. టేపు తెగితే నాయన గోళ్ల రంగుతో అతికించి మళ్లీ పాడించేవారు.

మదురైకి వచ్చిన హేమనాథుడు

1995లో నాకు మదురైకి బదిలీ అయింది. మదురైలో తెలుగు వయసు అందరికీ తెలిసిందే. 1529లో విశ్వనాథ నాయకునితో మొదలై 1736 వరకు నాయకరాజుల పాలన. తిరుమల నాయకుని మహలు చుట్టుపక్కల వీధుల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది, సౌరాష్ట్ర భాష వినిపిస్తుంది, తమిళం సరేసరి. ఒకే వీధిలో మూడు భాషల్లో పాలు కొనవచ్చు.

మదురై వాళ్లకు 'తిరువిళైయాడల్' చిత్రం అంటే ప్రాణం. 1965లో ఎ.పి. నాగరాజన్ తీశారు. మదురైలో సుందరేశ్వరుడు చేసిన లీలలే కథ. అందులో హేమనాథ భాగవతార్ అనే గాయకుడు పాండ్యరాజు సభకు వచ్చి, నాతో పాడి గెలవగలవారు ఎవరని గర్వంగా సవాలు చేస్తాడు. తెర మీద టి.ఎస్. బాలయ్య నటించారు. గొంతు బాలమురళి గారిది. కణ్ణదాసన్ పాట, కె.వి. మహదేవన్ సంగీతం. పాటలో రాగం పేరు వచ్చిన చోట గొంతు ఆ రాగంలోకే మారిపోతుంది. తోడి, దర్బార్, మోహనం, కానడ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. హేమనాథుడిని ఓడించటానికి శివుడే కట్టెలమ్మేవాడి వేషంలో వచ్చి పాడతాడు. ఆ గొంతు టి.ఎం. సౌందరరాజన్ గారిది. ఆయన మదురైలోనే పుట్టినవారు, సౌరాష్ట్రులు.

చూడండి! తమిళ పురాణకథ, తమిళ కవి రాసిన పాటలు. ఒక పాట పాడినది తెలుగాయన, రెండో పాట పాడినది సౌరాష్ట్రులు. మదురై అంటే అదే. కథలో ఓడిపోయే పాత్రకు పాడటానికి ఎవరైనా వెనకాడతారు. బాలమురళి గారు వెనకాడలేదు. హేమనాథుడు ఓడిపోయాడు, పాట మాత్రం గెలిచి అరవై ఏళ్లుగా నిలబడింది.

సినిమాను ఆయన చిన్నచూపు చూడలేదు. తెలుగులో 'నర్తనశాల' (1963)లో బృహన్నల ఉత్తరకు నాట్యం నేర్పే సందర్భంలో బెంగుళూరు లతతో కలిసి పాడారు. 1964లో తమిళంలో 'కలైకోవిల్' చిత్రంలో పి. సుశీల గారితో కలిసి ఆభోగి రాగంలో పాడారు. తెలుగువాళ్లిద్దరు పాడిన తమిళ పాట అది. 1967లో 'భక్త ప్రహ్లాద'లో తానే నారదుడుగా నటించి పాడారు. 1975లో కన్నడ చిత్రం 'హంసగీతె'కు ఉత్తమ గాయకుడిగా, 1986 నాటి 'మధ్వాచార్య' చిత్రానికి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ బహుమతులు అందుకున్నారు. ఆది శంకరాచార్యుల మీద వచ్చిన సంస్కృత చిత్రానికీ ఆయనే సంగీతం.

నాకు వ్యక్తిగతంగా ఇష్టమైనది మరొకటి. 1979లో కె. బాలచందర్ ఒకే కథను తమిళంలో 'నూల్‌వేలి'గా, తెలుగులో 'గుప్పెడు మనసు'గా తీశారు. ఎం.ఎస్. విశ్వనాథన్ బాణీ ఒకటే. తమిళానికి కణ్ణదాసన్, తెలుగుకు ఆత్రేయ మాటలు రాశారు. రెండూ బాలమురళి గారే పాడారు. మా ఇంట్లో ఈ రెండు పాటలనూ ఒకే క్యాసెట్టులో వరుసగా రికార్డు చేయించుకున్నాము. ఒకటి అయ్యాక ఒకటి వింటే, ఒకే మనిషి రెండు ఇళ్లలో భోజనం చేసినట్టు ఉంటుంది. రెండు ఇళ్లలోనూ అతను ఇంటివాడే, అతిథి కాడు. మన బతుకు కూడా అదే కదా!

1988లో దూరదర్శన్‌లో 'మిలే సుర్ మేరా తుమ్హారా' వచ్చినప్పుడు తమిళ చరణం పాడినది కూడా ఆయనే. దేశమంతటికీ తమిళం గొంతుగా కనిపించినది ఒక తెలుగాయన. అది టీవీలో వచ్చినప్పుడల్లా మా అమ్మ వీధిలో పిల్లలను పిలిచి మరీ చూపించేది.

ప1, ప2, ప3, ప4

మదురై బ్రాంచిలో నాకు ఒక టీచరమ్మ పరిచయమయ్యారు. మహలు దగ్గరి పాత తెలుగు కుటుంబం. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. నెల మొదట్లో పెన్షనుకు వచ్చేవారు. నాది తెలుగిల్లు అని తెలిశాక "ఏమి నాయనా, బాగుండావా?" అని తెలుగులోనే పలకరించేవారు. ఒకసారి ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చి తన పాటల నోటుపుస్తకం చూపించారు.

అన్నీ తెలుగు కీర్తనలు. అక్షరాలు మాత్రం తమిళం. ప్రతి అక్షరం నెత్తి మీద చిన్న అంకెలు. లెక్కల పుస్తకమేమో అనుకున్నాను. ఆమె నవ్వి వివరించారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అందుకని క అయితే 1, ఖ అయితే 2, గ అయితే 3, ఘ అయితే 4 అని పైన వేస్తారు. చ, ట, త, ప వర్గాలకూ అంతే. తమిళదేశంలో తెలుగు కీర్తనలు చాలా కాలంగా ఈ అంకెల మీదే నిలబడి ఉన్నాయి.

"అంకె పోతే?" అని అడిగాను. బ్యాంకువాడికి మొదట వచ్చే అనుమానం అదే.

"పోతే పాట మారిపోతుంది నాయనా. అందుకే నాకు అనుమానం వచ్చినప్పుడు బాలమురళి గారి క్యాసెట్టు పెట్టుకుంటాను. ఆయన నోట్లో ప వేరు, బ వేరు, భ వేరు. నాకు తెలుగు చదవను రాదు కదా. ఆయన గొంతే నాకు పుస్తకం."

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాట నేర్పిన మనిషికి తెలుగు అక్షరం రాదు. నాకూ రాదు. ఇద్దరమూ తెలుగువాళ్లమే.

1997లో బ్యాంకు నన్ను హైదరాబాదుకు శిక్షణకు పంపింది. మొదటి రోజు భోజనాల దగ్గర నేను తెలుగులో మాట్లాడితే ఒకాయన, "మీది తెలుగేనా, తమిళాన్ని తర్జుమా చేసి మాట్లాడుతున్నారా?" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. గదికి వెళ్లాక నవ్వు రాలేదు. బస్సు బోర్డు చదవలేను, దుకాణం పేరు చదవలేను. నా మాతృభాష రాజధానిలో నేను నిరక్షరాస్యుడిని.

చివరి రోజు సాయంత్రం తలా ఒక పాట పాడమన్నారు. నాకు వచ్చినది మా అమ్మ క్యాసెట్టులోని రామదాసు కీర్తన ఒక్కటే. కళ్లు మూసుకుని, చెవిలో బాలమురళి గారు ఎలా పలికారో అలాగే పలికాను. పాట అయ్యాక అదే పెద్దమనిషి లేచి వచ్చి, "ఇంత స్పష్టంగా పలికారు, ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు. మా వంటింట్లో అని చెప్పాను. ఆయన మీద ఇప్పుడు నాకు కోపం లేదు. ఆ మాట అనకపోతే మరునాడు కోఠీకి వెళ్లి పెద్ద బాలశిక్ష కొనేవాడిని కాదు.

మదురైకి తిరిగి వచ్చి, ఆదివారాలు టీచరమ్మ ఇంట్లో ఇద్దరమూ అక్షరాలు దిద్దాము. ఆమెకు అరవై దాటాయి, నాకు ఇరవై ఎనిమిది. నాకు ఆరు నెలలు పట్టింది. ఆమె మూడు నెలల్లో చదవడం మొదలుపెట్టారు. పాటలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఆమెకు అక్షరాలు పాత చుట్టాల్లాగా కనిపించాయి.

అప్పుడు ఒక విషయం బయటపడింది. ఒక భజన పాటలో 'బాట' అని ఉండవలసిన చోట ఆమె నోటుపుస్తకంలో 'పాట' అని ఉంది. తమ గురువుగారి పుస్తకం నుంచి దింపుకునేటప్పుడు అక్షరం మీది 3 జారిపోయింది. ఆ పాటకు క్యాసెట్టు లేదు. 'పాట' అన్నా అర్థం కుదురుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ముప్పై ఏళ్లుగా ఎంతమందికి అలా నేర్పారో! ఆమె చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం పాఠానికి వచ్చిన పిల్లలందరి చేతా నోటుపుస్తకాలు తీయించి, తానే పెన్సిలుతో ఒక్కొక్కరి పుస్తకంలో 3 వేశారు. మదురైలోనే ఉన్న పాత శిష్యురాళ్లకు ఉత్తరాలు కూడా రాశారు. మా బ్యాంకులో పాత సంవత్సరం తప్పు దొరికితే దాన్ని ఎలా కప్పాలా అని చూసేవాళ్లను చూశాను. ఆమె అలా చేయలేదు.

ఆక్షేపణలు

బాలమురళి గారిని అందరూ పొగిడారని రాస్తే అబద్ధమవుతుంది. రాగానికి కనీసం అయిదు స్వరాలు ఉండాలని సంప్రదాయం. ఆయన నాలుగే స్వరాలతో రాగాలు కట్టారు. లవంగిలో స, రి, మ, ద. మహతిలో స, గ, ప, ని. సుముఖంలో స, రి, మ, ని. వీటిలో కృతులు రాసి కచేరీల్లో పాడారు. ఇది సంప్రదాయ విరుద్ధమని కొందరు, ఇవి కొత్తవి కావని మరికొందరు ఆక్షేపించారు. వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ గారు బహిరంగంగానే విభేదించారు. పత్రికల్లో వాదోపవాదాలు జరిగాయి. తాళంలోనూ ఆయన కొత్త పద్ధతులు తెచ్చారు. వాటి మీదా చర్చ జరిగింది.

ఎవరిది న్యాయమో తేల్చే యోగ్యత నాకు లేదు. నాకు తోచినది ఒక్కటే. మేము తెలుగును పెట్టెలో పెట్టి తాళం వేసిన నగలాగా దాచుకున్నాము. పెళ్లిళ్లకు తీసి చూసుకుని మళ్లీ లోపల పెట్టేస్తాము. ఆయన దాన్ని రోజూ వాడారు. వాడితే అరుగుతుంది, గీతలు పడతాయి, నలుగురూ నాలుగు మాటలు అంటారు. అయినా వాడారు. ఆక్షేపించినవాళ్లు కూడా ఆయన తెలుగులో రాసిన కొత్త పాట గురించే కదా మాట్లాడవలసి వచ్చింది!

గౌరవాలకూ లోటు లేదు. 1971లో పద్మశ్రీ, 1975లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1978లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వం షెవాలియే. హిందుస్తానీ విద్వాంసులు భీమ్‌సేన్ జోషీ గారితో జుగల్బందీలు చేశారు. బెంగాలీలో రవీంద్ర సంగీతం పాడి రికార్డు చేశారు. ఎక్కడికి వెళ్లినా అక్కడి మాట అక్కడివాళ్లలాగే పలకాలని చూశారు.

అమ్మ సంతకం

2016 నవంబరు 22న ఆయన చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి నేను మళ్లీ కోయంబత్తూరు బ్రాంచికి వచ్చేశాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ టీవీ ముందు కూర్చుని ఉంది. "ఇంక ఆయన కొత్త పాట రాదా?" అని అడిగింది. ఏమి చెప్పాలో తోచలేదు.

ఆ వారంలోనే ఒక రాత్రి అమ్మ, "నాకూ అక్షరాలు నేర్పిస్తావా?" అంది. ఆ పెద్ద బాలశిక్షే తీశాను. అట్ట ఊడిపోయింది, మధ్యలో టీచరమ్మ పెన్సిలు గీతలు ఉన్నాయి. టీచరమ్మ అప్పటికి లేరు. అమ్మ మొదట రాసినది అ, ఆ కాదు. తన పేరు.

రెండు నెలలు గడిచాక అమ్మ మా బ్రాంచికే డబ్బు తీసుకోవడానికి వచ్చింది. స్లిప్పు మీద తెలుగులో సంతకం చేసింది. కౌంటరులోని అమ్మాయి నమూనా కార్డుతో పోల్చి చూసి, నా దగ్గరకు తెచ్చి, "సార్, సంతకం కలవలేదు" అంది. కార్డులో ఉన్నది నలభై ఏళ్ల కిందటి తమిళ సంతకం. నియమం నియమమే. సొంత తల్లి స్లిప్పు తిప్పి పంపించాను. మళ్లీ తమిళంలోనే పెట్టమ్మా అంటే వినలేదు. కుర్చీలో కూర్చుని, కొత్త నమూనా సంతకానికి దరఖాస్తు అడిగి, మూడు చోట్ల నిదానంగా, కలం గట్టిగా పట్టుకుని, తెలుగులో రాసి ఇచ్చింది. దాన్ని ధ్రువీకరించవలసిన అధికారిని నేను. సొంత తల్లిది కాబట్టి నేను చేయకూడదని మేనేజరు గారి చేత చేయించాను.

పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్లలో అవ్వలు, అమ్మలు తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు పాటల పుస్తకాలు ఉంటాయి. కోయంబత్తూరులోనూ, మదురైలోనూ లేని ఇల్లు అరుదు. వాటిని పాత కాగితాల కింద అమ్మేయకండి. ఆ పాట తెలిసిన పెద్దలు ఉండగానే ఒకసారి పక్కన కూర్చుని పాడించుకుని, అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. అనుమానం వస్తే బాలమురళి గారి రికార్డు పెట్టుకోండి. చాలా మాటలకు జవాబు అందులో దొరుకుతుంది.